మాస్టర్ మీద ఫిల్టర్ ఆటోమేషన్: ఎఫ్ఎల్ స్టూడియోలో నేను చేసే పద్ధతి

డ్రాప్‌కి (బిల్డప్ అయ్యాక బీట్ ఒక్కసారిగా పడే చోటికి) ముందు పాటంతా పక్కగదిలో మోగుతున్నట్టు మూగబోయి, ఒక్క దెబ్బతో మళ్లీ తెరుచుకుంటుంది చూడండి, దానికోసం ఎఫ్ఎల్ స్టూడియో అనే పాటల సాఫ్ట్‌వేర్‌లో చాలామంది నేరుగా మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసి బయటికి వెళ్లే చివరి ట్రాక్) మీద ఫిల్టర్ (కొన్ని ఫ్రీక్వెన్సీలని కోసేది) వేసి నాబ్‌ని ఆటోమేట్ చేసేస్తారు, అంటే పాట నడుస్తుంటే దానంతట అదే తిరిగేలా పెట్టేస్తారు. పని జరుగుతుంది, కాదనను. కానీ నా మాట వింటే ఆ ఫిల్టర్‌ని మాస్టర్‌కి ఒక్క మెట్టు ముందు పెట్టండి.

ఎందుకో చెప్తా. బంధువుల పెళ్లిలో సంగీత్‌కి ఒక తీన్మార్ మిక్స్ చేశాను. మాస్టర్‌లో లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) అప్పటికే ఉంది, ఫిల్టర్‌ని దాని కింది స్లాట్‌లో వేశాను, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గర శబ్దాన్ని ఎగదోసే నాబ్) కాస్త పెంచాను. కటాఫ్ (ఫిల్టర్ కోయడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ) దిగుతూ దిగుతూ డప్పు గుండెశబ్దం ఉన్న చోటికి వచ్చేసరికి అక్కడ లెవెల్ ఎగిరి మీటర్ సున్నా దాటింది, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌లో ఆ రెండు బార్లు (బార్ అంటే నాలుగు బీట్లు) చిట్లిపోయాయి. లిమిటర్ ఉన్నా ఏం లాభం, దాని పని అయిపోయాక కదా ఫిల్టర్ వచ్చింది! లిమిటర్ ఎప్పుడూ అన్నింటికన్నా చివరే ఉండాలి.

ఇప్పుడు పద్ధతి. మిక్సర్‌లో ఖాళీగా ఉన్న ఒక ఇన్సర్ట్‌కి (మామూలు ట్రాక్‌కి) 'ప్రీమాస్టర్' అని పేరు పెట్టండి. మిగతా ట్రాకులన్నీ సెలెక్ట్ చేసి, ప్రీమాస్టర్ అడుగున ఉన్న చిన్న బాణం మీద రైట్ క్లిక్ చేసి 'రౌట్ టు దిస్ ట్రాక్ ఓన్లీ' నొక్కండి. ప్రీమాస్టర్ మాత్రం మాస్టర్‌కే వెళ్తుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, నాకు అసలు నచ్చేది అదే: గొంతుని ఇందులో కలపకుండా నేరుగా మాస్టర్‌కి వదిలేస్తే, వాద్యాలన్నీ మునిగిపోతున్నా పాడేవాళ్ల మాట మాత్రం స్పష్టంగా పైనే ఉంటుంది.

ప్రీమాస్టర్‌లో ఫ్రూటీ పారామెట్రిక్ ఈక్యూ 2 వేసి, చివరి బ్యాండ్‌ని లో పాస్‌గా (కింది ఫ్రీక్వెన్సీలని వదిలి పైవి కోసేదిగా) మార్చండి. ప్లేలిస్ట్‌లో పైన మీకు కావలసిన బార్లు సెలెక్ట్ చేసుకుని, ఆ బ్యాండ్ ఫ్రీక్వెన్సీ మీద రైట్ క్లిక్ చేసి 'క్రియేట్ ఆటోమేషన్ క్లిప్' అనండి, సరిగ్గా అంత పొడవు క్లిప్ వస్తుంది. బయటి ప్లగిన్ అయితే రైట్ క్లిక్‌కి ఆ మెనూ రాకపోవచ్చు, అప్పుడు నాబ్‌ని ఒకసారి కదిలించి టూల్స్ మెనూలో 'లాస్ట్ ట్వీక్డ్' దగ్గరికి వెళ్లండి.

టెంపో 128 అయితే 8 బార్లు అంటే సరిగ్గా 15 సెకన్లు. బిల్డప్‌కి అది చాలు. రైట్ క్లిక్‌తో పాయింట్లు పెట్టండి, రెండు పాయింట్ల మధ్య గీతని వంచి చూడండి. మొదట్లో నెమ్మదిగా, చివరి రెండు బార్లలో గబగబా దిగితే చెవికి బాగుంటుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది తెరుచుకునే క్షణం. డ్రాప్ మొదటి కిక్ మీదే సరిగ్గా తెరిస్తే ఆ కిక్ మొనలో కొంత ఫిల్టర్‌లోనే చిక్కుకుపోతుంది, దెబ్బ మెత్తబడుతుంది. పాయింట్ కిక్ కంటే వెంట్రుకవాసి ముందే పడేలా జరపండి, జూమ్ చేసి స్నాప్ (పాయింట్లని గళ్లకి అతికించేది) ఆపేసి చేయాలి ఆ పని. దీనికి పది నిమిషాలు పట్టినా పర్వాలేదు, పాటంతా ఆ దెబ్బ మీదే నిలబడుతుంది.

ఫిల్టర్‌ని స్లాట్ పక్కనున్న మిక్స్ నాబ్‌తో నెమ్మదిగా కలపొద్దు. అసలు శబ్దమూ ఫిల్టర్ అయిన శబ్దమూ ఫేజ్ కుదరక సన్నగా, బోలుగా వినిపిస్తాయి. మిక్స్ నాబ్ రివర్బ్‌కి (గదిలో మోగినట్టు ప్రతిధ్వని ఇచ్చేదానికి) పనికొస్తుంది, అదీ దాని లో కట్ (కింది ఫ్రీక్వెన్సీలని కోసేది) 250 హెర్ట్జ్ చుట్టుపక్కల పెట్టుకుంటేనే, లేకపోతే బేస్ అంతా బురదవుతుంది.

చాలామందికి టెన్షన్ పెట్టే సమస్య ఇంకొకటి: పాటని మొదటినుంచి ప్లే చేస్తే అంతా మూగగా ఉంటుంది. క్లిప్ లేని చోట నాబ్ చివరిసారి ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోతుంది మరి. అందుకే మొదటి బార్‌లోనే ఇంకో చిన్న క్లిప్ ముక్క పెట్టి, అందులో ఫిల్టర్ పూర్తిగా తెరిచి ఉంచండి.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్‌లో అయితే ట్రాకుల్ని గ్రూప్ చేసి కీబోర్డ్ మీద 'A' కీ నొక్కితే ఆటోమేషన్ గీతలు కనిపిస్తాయి. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్ ట్రాక్ మామూలుగా దాగి ఉంటుంది, వ్యూ మెనూలో ఆన్ చేసుకోవాలి.

చివరి ఫేడ్ అవుట్ ఒక్కటి మాత్రం నేను మాస్టర్ ఫేడర్ మీదే గీస్తాను. ఫేడర్ ఎఫెక్ట్‌ల తర్వాత ఉంటుంది కాబట్టి లిమిటర్‌కి వెళ్లే లెవెల్ మారదు, పాట రంగు మారకుండా శబ్దం తగ్గుతుంది. ఎక్స్‌పోర్ట్‌లో టెయిల్ దగ్గర 'లీవ్ రిమెయిండర్' ఎంచుకోండి, రివర్బ్ తోక తెగిపోకుండా వస్తుంది.