చిన్న సినిమా, టీవీ కంపెనీ చరిత్ర రాయాలంటే: ముందు కాగితాలు, తర్వాత కబుర్లు

నెల్లూరులోనో ఒంగోలులోనో నాలుగు సినిమాలు, రెండు సీరియళ్ళు తీసి ఆగిపోయిన కంపెనీ చరిత్ర రాయాలనుకునేవాళ్ళు సాధారణంగా మొదట చేసే పని, కంపెనీ పెట్టినాయన ఇంటికి ఫోను పట్టుకుని వెళ్ళి "చెప్పండి సార్" అని కూర్చోవడం. అది ఆఖర్న చేయాల్సిన పని. ఆయన "ఆ సంక్రాంతికి రిలీజ్ చేశాం" అంటారు, ఏ సంక్రాంతో మనకు తెలియదు, ఆయనకూ గుర్తుండదు. ఒకసారి నోట వచ్చిన తప్పు తేదీ రెండోసారికి మరింత గట్టిపడుతుంది. తేదీల వరుసను కాగితాల నుంచి ముందే కట్టుకుని వెళ్తే, ఆయన జ్ఞాపకాల్లో ఏది ఎక్కడ అతుకుతుందో అక్కడే తేలిపోతుంది.

సినిమా వరకు ఆ వరుసకు ఆధారం సెన్సార్ సర్టిఫికెట్. నంబరు, తేదీ, దరఖాస్తు చేసినవారి పేరు, నిర్మాత పేరు, నిడివి అందులో ఉంటాయి. దరఖాస్తుదారు, నిర్మాత వేర్వేరు పేర్లయితే రెండూ రాసుకోండి. హక్కులు మధ్యలో చేతులు మారాయనడానికి అది మొదటి ఆనవాలు కావచ్చు. నిడివి మీటర్లలో ఉంటుంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు నడుస్తుంది. 4,115 మీటర్లని ఉంటే సరిగ్గా రెండున్నర గంటల సినిమా. ఇప్పుడు దొరుకుతున్న కాపీ రెండుంబావు గంటలే ఉంటే ఆ పావుగంట ఎక్కడ పోయిందో వెతకాలి. సర్టిఫికెట్ రెండో భాగంలో కట్స్ రాసి ఉంటాయి. అక్కడ లేకపోతే రిలీజయ్యాక ట్రిమ్ చేసి ఉంటారు, లేదా టీవీ కోసం కోసి ఉంటారు.

అసలు కాగితం దొరక్కపోతే సినిమానే చూడండి. ప్రింటు మొదట్లో సర్టిఫికెట్ బొమ్మ కొన్ని సెకన్లు పడుతుంది. నెట్‌లో పెట్టిన కాపీల్లో దాన్ని తరచుగా కోసేస్తారు, పాత వి.హెచ్.ఎస్. క్యాసెట్లో మాత్రం ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ ఆపి చదువుకోండి.

దీంట్లో బోల్తా పడే చోటు ఒకటి ఉంది. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ పదేళ్ళకే చెల్లేది. మళ్ళీ ఆడించాలంటే మళ్ళీ సెన్సార్ చేయించేవాళ్ళు. అందుకే చేతికి దొరికింది రెండో సర్టిఫికెట్ కావచ్చు. దాని తేదీని రిలీజు తేదీ అనుకుంటే చరిత్ర పదేళ్ళు జరిగిపోతుంది. యు.ఏ. వర్గం, సెన్సార్ బోర్డుకు ఇప్పుడున్న పేరు రెండూ 1983లో వచ్చాయి. 1970ల సినిమాకు యు.ఏ. కాగితం చూపిస్తే అది తప్పకుండా తర్వాతిదే.

ఆ తర్వాత బ్యానరును, కంపెనీని విడదీయాలి. తెర మీద పడే పేరు బ్యానరు. డబ్బు పెట్టి సంతకం చేసింది పార్ట్‌నర్‌షిప్ ఫర్మో, ప్రైవేట్ లిమిటెడ్డో, ఒక్క మనిషో. ఒకే బ్యానరు కింద సినిమాకో ఫర్మ్ పెట్టుకోవడం మామూలే. ఫర్మ్ అయితే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫర్ముల రిజిస్టరు చూడండి. రుసుము కట్టి చూసే హక్కు 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 66వ సెక్షన్ అందరికీ ఇచ్చింది. నెల్లూరువాళ్ళు మద్రాసులో ఆఫీసు పెట్టి అక్కడే రిజిస్టరు చేయించి ఉండొచ్చు, కనుక చెన్నైలోనూ వెతకాలి. పేరు దొరకలేదని ఫర్మ్ లేదనుకోవద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించకపోతే బాకీల మీద కోర్టుకెళ్ళలేరు, అంతే. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో రుసుము కట్టి దాఖలు చేసిన పత్రాలు చూడొచ్చు. "సమర్పణ" అని పడ్డ పేరుకు విలువ కట్టేముందు ల్యాబ్ లెటర్ కోసం వెతకండి. ఫైనాన్షియర్ బాకీ తీరేదాకా ప్రింట్లు బయటికి వదలబోమని ల్యాబు రాసిచ్చే కాగితం అది. అసలు డబ్బు ఎవరిదో టైటిల్స్ కంటే అది సూటిగా చెబుతుంది.

ఊరు రాసేటప్పుడు జిల్లా విషయంలో జాగ్రత్త. ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరిలో ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. కందుకూరు 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. కారంచేడు మనిషి డి. రామానాయుడు సురేష్ ప్రొడక్షన్స్ పెట్టిన 1964 నాటికి ఆ ఊరు గుంటూరు జిల్లాది, ఆ తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. సంఘటన జరిగిననాటి జిల్లాను రాసి, పక్కన నేటి జిల్లా ఇవ్వండి. రిజిస్ట్రేషన్ ఏ ఆఫీసులో వెతకాలన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది.

ట్రేడ్‌లో "నెల్లూరు" అంటే జిల్లా కాదు, డిస్ట్రిబ్యూషన్ ఏరియా. ఒంగోలు చుట్టుపక్కల హాళ్ళు ఏ ఏరియా కింద ఆడాయో ఆ సినిమా అగ్రిమెంటులోనే చూడాలి. వసూళ్ళ అంకె కనిపిస్తే అది గ్రాసా (టికెట్ల మొత్తం), నెట్టా (పన్ను పోగా), షేరా (హాలు ఖర్చు కూడా పోగా డిస్ట్రిబ్యూటరుకు మిగిలింది) అని తేల్చకుండా రాయొద్దు. థియేటరు డి.సి.ఆర్. కాగితాలు, అంటే రోజువారీ వసూళ్ళ లెక్కలు, దొరికితే అంతకన్నా మంచి ఆధారం ఉండదు. వంద రోజుల పోస్టరు ఉందా? ఒకే హాల్లో రోజుకు నాలుగాటలతో ఆడిందా, ఒక హాలు నుంచి ఇంకో హాలుకు మార్చిన షిఫ్టులు కలుపుకుని ఆడిందా, చివర నూన్ షోకి దించారా అన్నది పేపరు ప్రకటనలు వారం వారం చూస్తే తెలుస్తుంది.

పేపర్ల కోసం దూరం వెళ్ళక్కర్లేదు. నెల్లూరు నుంచి జమీన్ రైతు వారపత్రిక 1928 నుంచి వస్తోంది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలకు పెట్టింది పేరు. రిలీజు వారానికి ముందు రెండు, తర్వాత నాలుగు వారాల సంచికలు చాలు. పాటల పుస్తకాలు పారేయకండి. తెర మీద పడని సహాయకుల పేర్లు కొన్నిసార్లు వాటిలో మాత్రమే మిగిలి ఉంటాయి.

టీవీ పని చేసిన కంపెనీకి సెన్సార్ వరుస ఉండదు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబరు 23న. జెమిని, ఈటీవీ వచ్చింది 1995లో. ఈ రెండు తేదీల నడుమ సీరియల్ తీసినవాళ్ళకు తెలుగులో దారి దూరదర్శన్ ఒక్కటే. స్పాన్సర్డ్ పద్ధతిలో నిర్మాత టెలికాస్ట్ ఫీజు కట్టి, బదులుగా ఎఫ్.సి.టి., అంటే ప్రకటనలకు ఇన్ని సెకన్లని, తీసుకుని అమ్ముకునేవాడు. కంపెనీ ఎందుకు మునిగిందో తెలియాలంటే కథ బాగుందా లేదా అని కాదు, ఆ సెకన్లు ఎన్ని అమ్ముడుపోయాయో చూడాలి. 13 ఎపిసోడ్లకు అనుమతి వచ్చి 26 తీసినవి, 26 తీసి 13 ప్రసారమైనవి ఉంటాయి. షూటింగు తేదీ, ప్రసార తేదీ వేర్వేరు గళ్ళలో పెట్టండి.

ఇక క్యాసెట్లు. కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుంది, క్యాసెట్ ఆగదు. మన కోస్తా ఉక్కకు, ఉప్పు గాలికి బీరువాలో పెట్టిన టేపు బూజు పట్టడం ఖాయం. క్యాసెట్‌కు ఉండే చిన్న కిటికీలోంచి చూడండి. చుట్ట అంచున తెల్లటి పొడి, సాలెగూడు లాంటి మరకలు కనిపిస్తే ఎవరెంత తొందరపెట్టినా డెక్కులో, అంటే క్యాసెట్ ఆడించే యంత్రంలో, పెట్టొద్దు. హెడ్డు పాడవుతుంది, బూజు తర్వాత పెట్టే ప్రతి టేపుకూ అంటుకుంటుంది. వాటిని విడిగా పెట్టి శుభ్రం చేసేవారికి పంపండి. 2021 నవంబరు పెన్నా వరద లాంటి దాంట్లో తడిసినవాటిని ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పట్టొద్దు. టేపు వంకర తిరుగుతుంది.

బాగున్నవాటికి ముందు, పైన మళ్ళీ రికార్డు కాకుండా ఆపే ట్యాబ్ సర్దండి. మినీ డీవీలో సేవ్ వైపు జరపాలి, బీటాక్యామ్‌లో ఎర్ర ట్యాబ్ లోపలికి నొక్కాలి. ఈ పని మర్చిపోయి ఉన్న ఒకే మాస్టర్ మీద రికార్డు నొక్కితే ఇక తిరిగి రాదు. తర్వాత ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పితే ఏళ్ళుగా అతుక్కున్న చుట్ట వదులవుతుంది. మినీ డీవీని ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్లోకి దించాలి. గంట టేపుకు గంటే పడుతుంది, 13 జీబీ చోటు కావాలి. ఎల్లో కేబుల్‌తో దించితే నాణ్యత పోతుంది. ఎంపీ4గా మార్చి అసలు ఫైలు తీసేయడం ఇంకా పెద్ద తప్పు. బీటాక్యామ్ ఎస్.పి.ని కాంపొనెంట్ అవుట్‌పుట్ నుంచి, కంప్రెస్ చేయకుండా 10 బిట్‌లో దించితే గంటకు దాదాపు 100 జీబీ. సోనీ ఈ డెక్కుల అమ్మకం 2016లో ఆపేసింది కనుక నడిచే డెక్కు దొరికిన వారంలోనే అన్నీ దించుకోండి. లేబుళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఫోటో తీయండి. ఊడిన లేబుల్‌ను ఊహించి అతికించొద్దు. మూడు కాపీలు ఉంచండి, కనీసం రెండు వేర్వేరు డిస్కుల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో.

ఫిల్ము డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే దాన్ని మిగతావాటికి దూరంగా, గాలి ఆడేచోట, చల్లగా పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టొద్దు. ఆ ఆమ్లమే దాన్ని మరింత తింటుంది.

ఇవన్నీ అయ్యాకే మనుషుల దగ్గరికి. ముందు ప్రొడక్షన్ మేనేజరు, తర్వాత లెక్కలు రాసిన గుమాస్తా, తర్వాత ప్రింటు బాక్సు వెంట తిరిగిన రెప్రజెంటేటివ్, ఆఖరున నిర్మాత. వర్కింగ్ స్టిల్స్ (షూటింగులో తీసిన ఫోటోలు) ఆల్బమ్ చేతికిచ్చి "ఈయనెవరండీ?" అని అడగండి. "మీ ప్రయాణం చెప్పండి" అని అడిగితే సన్మాన సభలో చెప్పిందే మళ్ళీ వస్తుంది. ఫ్యాను ఆపించండి, గంటన్నర దాటనివ్వకండి. డబ్బు గొడవలు చెబుతూ "ఇది రాయొద్దు బాబూ" అంటే రాయకండి. ఆ మాటకు కాగితం దొరికితే కాగితంలో ఉన్నంతవరకే రాయండి.

కాగితం ఒకటి, మనిషి మరొకటి చెబితే రెండూ అచ్చువేసి, దేన్ని ఎందుకు నమ్మారో ఒక వాక్యంలో చెప్పండి. సినిమా ముక్కలు వాడుకోవాలంటే హక్కు 60 ఏళ్ళదని గుర్తుంచుకోండి. 1980లో వచ్చిన చిత్రానికి 2040 చివరిదాకా నెగటివ్ రైట్స్ (సినిమా మీద మూల హక్కులు) ఎవరి చేతిలో ఉన్నాయో వారి అనుమతి కావాలి. పుస్తకం ఒక ప్రతిని, తేదీల వరుసను, స్కాన్ చేసిన ఫైళ్ళను ఊళ్ళోని గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.