లాప్‌టాప్‌లో క్రిప్టో మైనింగ్ పెట్టే ముందు ఈ లెక్క వేస్కోండి

మైనింగ్ అంటే కంప్యూటర్‌తో రాత్రీపగలూ లెక్కలు చేయించి, బదులుగా క్రిప్టో కాయిన్లు సంపాదించడం. ముందు ఏ కాయిన్ అనేది తేల్చుకోండి. బిట్‌కాయిన్ లాప్‌టాప్‌తో అయ్యే పని కాదు, దానికి ఏసిక్ మెషిన్లు (ఆ ఒక్క పనికే చేసిన ప్రత్యేక యంత్రాలు) ఎప్పుడో వచ్చేశాయి, ఇథీరియం 2022 సెప్టెంబర్‌లోనే మైనింగ్ తీసేసింది. ఇక మిగిలేది మొనీరో లాంటివి, అది 2019 నుంచి మామూలు సీపీయూ (ప్రాసెసర్) మీద నడిచేలా చేశారు కాబట్టి అందరూ ఎక్స్‌ఎమ్‌రిగ్ అనే మైనింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని దాన్నే ట్రై చేస్తారు.

ఇప్పుడు కరెంటు సంగతి. గేమింగ్ లాప్‌టాప్ 24 గంటలూ 100 వాట్లు లాగితే రోజుకి 2.4 యూనిట్లు, మన చెన్నైలో ఈబీ (కరెంటు బోర్డు) బిల్లు రెండు నెలలకి కదా, అంటే 144 యూనిట్లు. ఆ రెండు నెలల్లో ఇంటి మొత్తం వాడకం 500 యూనిట్లు దాటితే కింద శ్లాబుల రేటు కూడా పెరిగిపోతుంది, ఏసీ ఉన్న ఇంట్లో ఈ 144 చాలు దాటించడానికి. పైగా కాయిన్ అమ్మితే లాభం మీద 30 శాతం ట్యాక్స్, అందులో కరెంటు ఖర్చు తగ్గించుకోనివ్వరు.

అసలు దెబ్బ మాత్రం వేడి దగ్గరే. లాప్‌టాప్ ఫ్యాను కాసేపు గేమ్ ఆడితే తట్టుకునేలా ఉంటుంది కానీ రాత్రీపగలూ ఫుల్ లోడ్‌కి కాదు, మే నెలలో వేళచ్చేరి రూములో గాలే వేడిగా ఉంటే అది పీల్చేది కూడా ఆ వేడి గాలే, 95-100 డిగ్రీల దగ్గరకి పోగానే సీపీయూ తనంతట తనే స్పీడ్ తగ్గించేస్తుంది, హ్యాష్‌రేట్ (సెకనుకి చేసే మైనింగ్ లెక్కల సంఖ్య) పడిపోతుంది. చిప్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోద్ది, ఫ్యాన్ గరగరమంటుంది, ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉన్న బ్యాటరీ వేడికి ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెడుతుంది. ఫ్యాను, బ్యాటరీ అయితే చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో మార్పించుకోవచ్చు, సీపీయూ, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) బోర్డుకే అతికించి ఉంటాయి కాబట్టి అవి పోతే చాలాసార్లు బోర్డే మార్చాలి. దయచేసి చదువుకో, ఉద్యోగానికో ఉన్న ఒక్క లాప్‌టాప్‌ని దీనికి పెట్టకండి.

నేర్చుకోవాలనే ఉంటే ఒక్క సాయంత్రం చాలు. ఎక్స్‌ఎమ్‌రిగ్‌ని దాని అసలు గిట్‌హబ్ పేజీ నుంచే దించండి, నకిలీ వాటిలో వైరస్‌లుంటాయి. అసలుదైనా సరే మైనింగ్ సాఫ్ట్‌వేర్ అంటే యాంటీవైరస్ ఎలాగూ అరుస్తుంది, మొత్తం ఆఫ్ చేయకుండా ఆ ఫోల్డర్‌కి మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఎక్స్‌ఎమ్‌రిగ్ సెట్టింగుల్లో సగం థ్రెడ్లే (సీపీయూ ఒకేసారి నడిపే పనులు) పెట్టి, ఛార్జింగ్ లిమిట్ 80 శాతం చేసి, వెనక కాస్త ఎత్తు పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో టెంపరేచర్ చూస్తూ ఉండండి, 85 దాటితే ఆపేయండి. అరగంట తర్వాత నిలకడగా కనపడే హ్యాష్‌రేట్‌నీ, మీ చివరి శ్లాబు యూనిట్ రేటునీ మైనింగ్ కాలిక్యులేటర్లో వేస్తే రోజుకి ఎంతొస్తుందో, ఎంత పోతుందో తెలిసిపోతుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం టెస్ట్ కోసం కూడా వద్దు, ఐటీ వాళ్లకి వెంటనే అలర్ట్ పోవచ్చు, ఉద్యోగం మీదకి వస్తుంది.