పది వేలలో హెడ్‌ఫోన్, యాంప్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

"హెడ్‌ఫోన్‌కి ఏ యాంప్ (చప్పుడు పెంచే యాంప్లిఫయర్) కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. మీరు పాటలు వినే గదిలో ఫ్యాను ఏ నంబరు మీద తిరుగుతుంది? జోకు కాదు. మాది విజయవాడ. మార్చి దాటితే ఐదో నంబరు మీద ఫ్యాను లేకుండా రాత్రిపూట కూడా కూర్చోలేం. ఆ ఫ్యాను చప్పుడు నేరుగా చెవిలోకి వచ్చే హెడ్‌ఫోన్ కొనుక్కున్నారంటే, వెనకాల ఎంత మంచి యాంప్ ఉన్నా తంబురా శ్రుతి ఆ గాలిహోరులో కలిసిపోతుంది.

నేను వినేవి పాత సినిమా పాటలు, కర్ణాటక కచేరీలు, అప్పుడప్పుడూ కొత్తవి. అదీ ఇంట్లో అందరూ పడుకున్నాక. పక్క పోర్షన్‌కీ మాకూ మధ్య ఒకటే గోడ, కాబట్టి స్పీకర్ల మాటే లేదు. ఇంట్లో ఒప్పుకున్న బడ్జెట్ 10,000 రూపాయలు. ఇందులో ఏడెనిమిది వేలు హెడ్‌ఫోన్‌కే పెట్టాలని నా లెక్క. యాంప్‌కి మిగిలినంత చాలు, అదీ అవసరమని తేలితేనే. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. కారణం, మెరిసే నాబ్ ఉన్న అల్యూమినియం డబ్బా చూడ్డానికి బాగుంటుంది. నిజానికి ఈ రోజుల్లో చవక యాంప్‌లలో కూడా డిస్టార్షన్ (శబ్దం రూపు చెడటం) మన చెవికి ఆననంత తక్కువ. హెడ్‌ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య తేడా మాత్రం బేస్‌లో, ట్రెబుల్‌లో చాలా డెసిబెల్స్ ఉంటుంది. అది ఎవరికైనా వినిపిస్తుంది.

హెడ్‌ఫోన్‌లలో వెనక మూసి ఉండేవి క్లోజ్డ్ బ్యాక్, జల్లెడలా తెరిచి ఉండేవి ఓపెన్ బ్యాక్. ఓపెన్‌లో పాట తల బయట విశాలంగా పరుచుకున్నట్టు ఉంటుంది, చెవులకు గాలి ఆడుతుంది. అయితే ఫ్యానూ వినిపిస్తుంది, మీ పాట పక్కన పడుకున్నవాళ్ళకీ వినిపిస్తుంది. ఏసీ గది ఉండి, ఒంటరిగా వినే వీలుంటే ఓపెన్ తీసుకోండి. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ 9500 దొరికితే ఈ బడ్జెట్‌లో మంచి ఎంపిక. మా ఇంటిలాంటి ఇళ్ళకు క్లోజ్డ్ తప్పదు. ఆడియో టెక్నికా ఎమ్40ఎక్స్ ఒకటి. సోనీ ఎండీఆర్ 7506 ఇంకొకటి. 1991లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అమ్ముతున్నారు. షూటింగుల్లో సౌండ్ రికార్డిస్టుల మెడలో కనిపించే నీలం గీతది అదే. స్వరంలో చిన్న వణుకు కూడా పట్టిస్తుంది. పాత రికార్డింగుల గరగరను కూడా అంతే నిజాయితీగా వినిపిస్తుంది. అది నచ్చనివాళ్ళకు ఏకేజీ కే240 స్టూడియో మెత్తగా ఉంటుంది. అది సెమీ ఓపెన్, ఫ్యాను రెండో నంబరు మీద ఉంటే సర్దుకుపోవచ్చు.

ప్యాడ్‌ల (చెవుల చుట్టూ ఆనే మెత్తల) సంగతి కొనేముందే ఆలోచించాలి. రెక్సిన్ ప్యాడ్‌లు మన వేసవిలో చెమటకు జిగటగా తయారవుతాయి, ఉక్కపోత ఊళ్ళల్లో రెండు మూడేళ్ళకు నల్లగా పొట్టు రాలుస్తాయి. వెల్వెట్‌లా ఉండే వెలూర్ ప్యాడ్‌లు చల్లగా ఉంటాయి కానీ అవి వేస్తే బేస్ కొంచెం తగ్గుతుంది. ప్యాడ్ మారిస్తే సౌండ్ మారుతుంది, ఇది ముందే తెలుసుకుని మార్చండి.

ఇక అసలు లెక్క. యాంప్ కావాలా వద్దా అన్నది మీ హెడ్‌ఫోన్ అట్ట మీదే రాసి ఉంటుంది. రెండు అంకెలు చూడాలి: ఇంపీడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు, ఓమ్స్‌లో), సెన్సిటివిటీ (ఇచ్చినదానికి ఎంత చప్పుడు చేస్తుందో, డెసిబెల్స్‌లో). సెన్సిటివిటీని కొందరు ఒక మిల్లీవాట్‌కి ఇస్తారు, కొందరు ఒక వోల్టుకి ఇస్తారు. ఈ రెండూ కలిపేసి పోల్చడం వల్లే సగం గందరగోళం. వోల్టు లెక్కలోకి మార్చుకుంటే సుఖం.

కే240ని తీసుకుందాం. 55 ఓమ్స్, మిల్లీవాట్‌కి 91 డెసిబెల్స్. దానికి ఒక వోల్టు ఇస్తే, వోల్టేజిని దానితోనే గుణించి ఓమ్స్‌తో భాగిస్తే పవర్ వస్తుంది కాబట్టి, 1/55 వాట్ అంటే దాదాపు 18 మిల్లీవాట్లు. ఒక మిల్లీవాట్ నుంచి 18 అయితే 12.6 డెసిబెల్స్ పెరుగుతుంది. మొత్తం సుమారు 104. ఇప్పుడు 300 ఓమ్స్ ఉన్న సెన్‌హైజర్ హెచ్‌డీ 650ని చూడండి. కంపెనీ ఒక వోల్టుకి 103 అని ఇస్తుంది. "300 ఓమ్స్ రాక్షసి, పెద్ద యాంప్ లేకపోతే నడవదు" అని అందరూ భయపెట్టేదానికీ, మామూలు 55 ఓమ్స్‌దానికీ వోల్టు దగ్గర తేడా ఒక్క డెసిబెల్!

మరి మనకు ఎంత కావాలి? రాత్రిపూట హాయిగా వినే చప్పుడు సగటున 70, 75 డెసిబెల్స్ ఉంటుంది. 80 అంటే బాగా గట్టిగానే. హెచ్‌డీ 650లో 80 రావడానికి 0.07 వోల్టు చాలు. మృదంగం తని ఆవర్తనంలో ఒక్కసారిగా లేచే దెబ్బలు సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి వెళ్తాయనుకున్నా, 100కి వోల్టు కన్నా తక్కువే. యాపిల్ అమ్మే చిన్న టైప్-సీ నుంచి 3.5 ఎంఎం పిన్ డాంగిల్ సుమారు ఒక వోల్టు ఇస్తుంది (యూరప్‌లో అమ్మేది మాత్రం దాదాపు సగమే ఇస్తుంది, అక్కడి బంధువులతో తెప్పించుకోకండి). వేలు పొడవు లేని ఆ ముక్కలో డీఏసీ (ఫోన్‌లోని డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది), యాంప్ రెండూ ఉన్నాయి, శబ్దం శుభ్రంగా ఉంటుంది. పైన చెప్పిన ఎమ్40ఎక్స్‌కీ, 7506కీ, ఫిలిప్స్‌కీ అది సరిపోతుంది. వీటికి పెద్ద యాంప్ కొనడం గ్లాసుడు నీళ్ళకి బోరు వేయించినట్టే. ఒక చిక్కు: కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ డాంగిల్ వాల్యూమ్ పూర్తిగా పైకి రాదు. మీ ఫోన్‌తో పెట్టి చూసి, రాకపోతే వాపసు ఇచ్చి వేరే కంపెనీ డాంగిల్ తీసుకోండి.

యాంప్ నిజంగా అవసరమయ్యేది ఎక్కడంటే, పాత కచేరీ రికార్డింగులు చాలా మెల్లగా ఉన్నప్పుడు. ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ విడివిడిగా పెంచి తగ్గించేది) వాడేటప్పుడు కూడా. ఈక్వలైజర్‌లో బేస్ 6 డెసిబెల్స్ పెంచాలంటే, పాట పగలకుండా మొత్తం చప్పుడును ముందు 6 తగ్గించాలి. ఆ 6 తిరిగి తెచ్చుకోవాలంటే రెట్టింపు వోల్టేజి కావాలి. రెండు వోల్టులు ఇచ్చే డాంగిల్స్ కూడా చవకలోనే ఉన్నాయి. 250, 300 ఓమ్స్ వాడుతూ అది కూడా చాలనివాళ్ళు మాత్రమే టేబుల్ మీది యాంప్ వైపు చూడండి.

యాంప్ కొంటే వాట్లు చూసి మురిసిపోకుండా అవుట్‌పుట్ ఇంపీడెన్స్ చూడండి. అది హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతు కన్నా తక్కువ ఉండాలి, అంటే 32 ఓమ్స్‌కి 4 లోపు. ఎక్కువైతే బేస్ దగ్గర ఉబ్బినట్టు వస్తుంది. అటక మీది పాత స్టీరియో సెట్ దించి దాని హెడ్‌ఫోన్ పిన్‌లో పెట్టేవాళ్ళు ఇక్కడే తడబడతారు. అందులో చాలావాటికి స్పీకర్ లైన్ నుంచే వందల ఓమ్స్ రెసిస్టర్ పెట్టి పిన్‌కి ఇస్తారు. 300 ఓమ్స్‌ది దాంతో బాగానే పాడుతుంది, 32 ఓమ్స్‌ది బొంగురుపోతుంది.

అసెంబుల్డ్ యాంప్ గురించి ఒక హెచ్చరిక. మన మెకానిక్‌లు కట్టే చాలా సెట్లలో ఎల్ఏ4440 ఐసీ ఉంటుంది. దాన్ని బ్రిడ్జిలో కడితే స్పీకర్ వైర్లు రెండూ లైవే, ఏదీ గ్రౌండ్ కాదు. హెడ్‌ఫోన్ పిన్‌లో లెఫ్ట్, రైట్ రెండింటికీ గ్రౌండ్ ఒకటే. ఆ స్పీకర్ టెర్మినల్స్‌కి హెడ్‌ఫోన్ సాకెట్ తగిలిస్తే అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది, ఐసీ పోతుంది, హెడ్‌ఫోన్ కూడా పోవచ్చు.

సోల్డరింగ్ వచ్చినవాళ్ళకు మాత్రం ఒక సరదా దారి ఉంది, 250, 300 ఓమ్స్ హెడ్‌ఫోన్‌లకే. ఎన్ఈ5532 ఐసీ ఒకటి, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్‌లు, 7812, 7912 రెగ్యులేటర్లు, చెరో 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10కే లాగ్ వాల్యూమ్ కంట్రోల్. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ ఒక్క నడకలో దొరుకుతాయి. గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) మూడు ఉండేలా 2కే, 1కే రెసిస్టర్లు పెట్టండి. వోల్టు మూడు వోల్టులవుతుంది, హెచ్‌డీ 650లో 103 కాస్తా 112 దాటుతుంది. ఐసీ కాళ్ళకు ఆనుకునేలా 0.1 మైక్రోఫారడ్‌లు మరవొద్దు. 7812కీ 7912కీ కాళ్ళ వరస ఒకటి కాదు: మొదటిదానికి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్, రెండోదానికి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. అన్నిటికన్నా ముఖ్యం, హెడ్‌ఫోన్ పెట్టకముందే అవుట్‌పుట్‌లో డీసీ కొలవాలి. పసుప్పచ్చ చవక మల్టీమీటరులో 200 మిల్లీవోల్టుల డీసీ రేంజి ఉంటుంది, దానికి అది చాలు. కొద్ది మిల్లీవోల్టులైతే సరే, 50 దాటితే ఎక్కడో తప్పు ఉంది, హెడ్‌ఫోన్ తగిలించకండి. కరెంటు వైపు ఫ్యూజు, మూత ఉన్న డబ్బా లేకుండా దీని జోలికి పోవద్దు.

అంతా కలిపాక గుయ్‌మని హమ్మింగ్ వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే తప్పు చార్జర్‌ది, లేదా మీ సాకెట్‌లో ఎర్తింగ్‌ది. రెండు పిన్నుల చార్జర్‌తో లాప్‌టాప్ ఒంటిని తాకితే వేలికి జిల్లుమంటుంది చూడండి, ఆ లీకేజే చెవిలో వినిపించేది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారాక బుర్రుమంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని. ఆ కాసేపు డాంగిల్‌తో ఫోన్ బ్యాటరీ మీద వినడం మేలు.

పాత తెలుగు పాటలు ఒక విధంగా మన అదృష్టం. అవి మోనోలో (రెండు చెవులకూ ఒకే శబ్దం) రికార్డయ్యాయి, గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. చవక యాంప్‌లలో వాల్యూమ్ నాబ్ మొదట్లో తిప్పినప్పుడు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ వస్తుంది. గొంతు పక్కకు జరిగితే మీకు అప్పుడే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో చాలా పాత పాటలకు ఎకో పూసి స్టీరియో అని పెడతారు కాబట్టి, పరీక్షకు ఫోన్ సెట్టింగులలో యాక్సెసిబిలిటీ కింద ఉండే మోనో ఆడియో ఆన్ చేసుకోండి. గొంతు జరుగుతుంటే నాబ్‌ని సగానికి తెచ్చి ఫోన్‌లో వాల్యూమ్ తగ్గించండి, గెయిన్ స్విచ్ ఉంటే లో మీద పెట్టండి.

తర్వాత ఈక్వలైజర్. విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్ ఉంది. ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టులో వేల హెడ్‌ఫోన్‌లకు ఇతరులు తీసిన కొలతల ఆధారంగా సెట్టింగులు ఇచ్చారు. మీ మోడల్‌ది వేసుకుని, మృదంగం ఎడమ వైపు తొప్పి మోత ఒంటికి తెలిసేలా ఉందా, వయొలిన్ కమాను రాపిడి చెవిలో గుచ్చుకుంటోందా, ఈ రెండూ చూసి ఇష్టమొచ్చినట్టు సవరించుకోండి. యాంప్ మారిస్తే వచ్చే తేడా కన్నా ఇక్కడ వచ్చే తేడా ఎన్నో రెట్లు.

రెండు యాంప్‌లు పోల్చాలనిపిస్తే చప్పుడు సమానం చేయకుండా పోల్చొద్దు. కొంచెం గట్టిగా ఉన్నదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి రెండింటి అవుట్‌పుట్ ఏసీ వోల్టేజి సరిచూడాలి. ఇక్కడ ఆ పసుప్పచ్చ మీటరు పనికిరాదు, దాని ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలు. రెండు వోల్టుల ఏసీ రేంజి ఉన్నది ఎవరిదగ్గరైనా అరువు తెచ్చుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే బడ్జెట్ ఇంకా సాగుతుంది. మోనో ఆడియో ఆన్ చేసిన ఫోన్ పట్టుకెళ్ళండి. పాట నడుస్తుండగా పిన్ దగ్గర, కప్పు దగ్గర కేబుల్‌ని అటూ ఇటూ వంచి చూడండి, ఒక వైపు ఆగి ఆగి వస్తే లోపల వైరు తెగినట్టు. ఎమ్40ఎక్స్, కే240లకు కేబుల్ ఊడదీసి కొత్తది వేసుకోవచ్చు. 7506కి కుదరదు, విప్పి సోల్డర్ చేయాలి. ప్యాడ్‌లు పొట్టు రాలుతుంటే కొత్త జత ధర ఎంతో అక్కడే ఫోన్‌లో చూసి, అది తీసేసి బేరం మొదలుపెట్టండి.