కారు కొత్త రూపం – 4వ పాఠం: ఫైబర్ లిప్‌ను రంగుకు ముందే బిగించి చూడటం

గత పాఠంలో ఫైబర్‌గ్లాస్‌కూ ఏబీఎస్ ప్లాస్టిక్‌కూ తేడా చూశాం. ఈసారి ముందు బంపర్ కింద బిగించే ఫైబర్ లిప్‌ను తీసుకుందాం. రంగు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. చాలామంది ప్యాకింగ్ విప్పగానే పెయింటర్‌కి ఇచ్చేస్తారు. తీరా బిగించేటప్పుడు చివర్లో వేలు దూరేంత సందు బయటపడుతుంది. అరగదీస్తే రంగు పోతుంది, వదిలేస్తే చూసినప్పుడల్లా కళ్లు అక్కడికే పోతాయి.

అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన మైనం లిప్ మీద మిగిలే ఉంటుంది. ముందు సబ్బునీళ్లతో, తర్వాత మైనాన్నీ జిడ్డునూ తీసే ద్రావకంతో తుడవండి. ఇది మానేసి ఎమరీ పడితే మైనం గీతల్లోకి దిగిపోతుంది, ప్రైమర్ నిలవదు.

బంపర్‌కూ లిప్‌కూ మాస్కింగ్ టేప్ మీద నడిమధ్య గుర్తు పెట్టండి. రెండు గుర్తులూ కలిపి, మధ్య నుంచి చివర్లకు టేపుతో పట్టించుకుంటూ వెళ్లండి. ఇంకొకరు తోడుంటే మేలు. తగులుతున్న చోట మార్కర్‌తో గీసి, దించి, 80 నంబరు ఎమరీతో కాస్త అరగదీసి, మళ్లీ పెట్టి చూడండి. విసుగనిపించినా తొందరపడొద్దు, పనితనమంతా ఇక్కడే తెలుస్తుంది. ఫైబర్ పొడి చర్మాన్ని విపరీతంగా దురద పెడుతుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

స్క్రూ రంధ్రాలు స్క్రూ కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. కింద వాషర్ వేయండి. బలంగా బిగిస్తే పైపూత చిట్లుతుంది. తర్వాత స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. రేడియేటర్‌కు గాలి వెళ్లే దారి మూసుకోకూడదు.

చట్టం కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. నంబరు ప్లేటునూ లైట్లనూ ఏ భాగమూ కప్పకూడదు. ముందు బిగించే ఇనుప గార్డులు ఈ పాఠాల్లో నేర్పను. గుద్దుకున్నప్పుడు ఎదుటి మనిషికి దెబ్బ పెంచేవి, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనిని చెడగొట్టగలిగేవి అవి.

ఈ వారం అభ్యాసం: లిప్‌ను స్క్రూలతో ఉంచి, కారును ఒక పగలంతా ఎండలో నిలపండి. సాయంత్రం సందులు మళ్లీ కొలవండి. ఎక్కడైనా వంగిందేమో రాసిపెట్టుకోండి. పుట్టీ, ప్రైమర్ వచ్చే పాఠంలో.