కళ్ళు తిరుగుతున్నాయా? ముందు కింద కూర్చోండి

పరగడుపున రక్తపరీక్షకి వెళ్ళాను. సూది గుచ్చినప్పుడు ఏమీ కాలేదు. మోచేతి దగ్గర దూది నొక్కిపట్టుకుని బిల్లు కోసం కౌంటర్ ముందు నిలబడ్డాను. ఒక ఆవులింత వచ్చింది, వెంటనే ఇంకోటి. మెడ వెనక చల్లటి చెమట. కౌంటర్లో అమ్మాయి "చిల్లర ఉందా సార్" అని అడుగుతుంటే ఆ గొంతు పక్క వీధిలోంచి వస్తున్నట్టు వినపడింది. ట్యూబులైటు చుట్టూ నల్లగా ముసురుకుంటోంది. అక్కడే నేలమీద కూర్చుంటే సరిపోయేది. నలుగురూ చూస్తారని ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ కౌంటర్ అంచు పట్టుకున్నాను. ఆ తర్వాత గుర్తున్నది చెంపకి తగిలిన టైల్స్ చల్లదనం. స్పృహ తప్పినందుకు నాకేమీ కాలేదు గానీ, సిగ్గుపడ్డందుకు గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఉన్నట్టుండి పడిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. డాక్టర్లు దీన్ని వేసోవేగల్ సింకోపీ అంటారు. మనం లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. మామూలుగా అయితే శరీరం వెంటనే రక్తనాళాల్ని బిగించి, గుండె వేగం కాస్త పెంచి సర్దేస్తుంది. ఎండ, ఎక్కువసేపు నిలబడటం, నొప్పి, రక్తం చూడటం, భయం లాంటివి తోడైతే కొందరిలో సరిగ్గా తిరగబడుతుంది. వేగస్ అనే నరం గుండెని నెమ్మదింపజేస్తుంది, రక్తనాళాలు వదులైపోతాయి, బీపీ పడిపోతుంది. మెదడుకి రక్తం ఆగితే ఆరేడు సెకన్లకే స్పృహ పోతుంది. నేల మీద పడ్డాక తల, గుండె ఒకే మట్టానికి వస్తాయి కాబట్టి రక్తం మళ్ళీ అందుతుంది, మనిషి లేస్తాడు.

1. అనుమానం రాగానే కిందికి దిగండి

ఆవులింతలు, వికారం, ఒళ్ళు వేడెక్కినట్టుండటం, చల్లటి చెమట, చెవుల్లో హోరు, చూపు మసకబారడం. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే మీకున్న టైము కొన్ని సెకన్లు కావచ్చు, ఒకట్రెండు నిమిషాలు కావచ్చు. "కాస్త గాలి తగిలితే సర్దుకుంటుంది" అని గుమ్మం దాకా నడవొద్దు. చాలామంది ఆ దారిలోనే పడతారు. ఉన్నచోటే వెల్లకిలా పడుకుని కాళ్ళు కుర్చీ మీదో, గోడకి ఆనించో పైకి పెట్టండి. బండి మీద ఉంటే ముందు పక్కకి ఆపి దిగండి. బాత్‌రూమ్‌లో ఉంటే అక్కడే నేల మీద కూర్చోండి. తలుపు గడియ తీయడం కుదిరితే మంచిదే, దాని కోసం మాత్రం లేచి నిలబడొద్దు.

2. పడుకోవడం కుదరని చోట కండరాలు బిగించండి

తిరుమల కంపార్ట్‌మెంట్లోనో, కిక్కిరిసిన బస్సులోనో పడుకోమంటే ఎలా? అలాంటప్పుడు కాళ్ళు ఒకదాని మీదొకటి కత్తెరలా వేసి తొడలు, పిరుదులు, పొట్ట గట్టిగా బిగించండి. లేదా రెండు చేతుల వేళ్ళూ కొక్కేల్లా మెలేసి చెరోవైపు లాగండి. కండరం బిగిస్తే కాళ్ళలో నిలిచిన రక్తం పైకి నెట్టుకొస్తుంది. కళ్ళు తిరగడం తగ్గేదాకా అలాగే పట్టి ఉంచాలి. గొంతుక్కూర్చోవడం ఇంకా బాగా పనిచేస్తుంది, చెప్పులు సర్దుకుంటున్నారనుకుంటారు గానీ ఎవరూ నవ్వరు. మళ్ళీ లేచేటప్పుడు మాత్రం తొడలు బిగించి మెల్లగా లేవండి.

3. పక్కన ఎవరైనా పడిపోతే

మనవాళ్ళు మంచి మనసుతోనే చేసే పొరపాటు ఒకటుంది. చంకల కింద చేతులేసి లేపి కుర్చీలో కూలేస్తారు. ఎవరో నోట్లో నీళ్ళు పోస్తారు. ఇంకెవరో తాళాలగుత్తి చేతిలో పెడతారు. నిటారుగా కూర్చోబెడితే మెదడుకి రక్తం అందడం ఇంకా ఆలస్యమవుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తాళాల వల్ల ఒరిగేదేమీ లేదు.

పడుకోబెట్టే ఉంచండి. కాళ్ళు అడుగు ఎత్తుకి లేపి పట్టుకోండి. కాలరు, బెల్టు, బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయండి, చుట్టూ మూగినవాళ్ళని పక్కకి జరగమనండి. వాంతి వస్తుంటే పక్కకి తిప్పండి. గర్భిణి అయితే ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి ఆడుతోందో లేదో చూడండి. ఆడకపోయినా, ఎగశ్వాసలా వస్తున్నా అది మామూలు సొమ్మ కాదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు రొమ్ము మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఊపిరి బాగానే ఉన్నా ఒకట్రెండు నిమిషాల్లో తెలివి రాకపోతే కూడా 108కి చెప్పండి.

చేతులూ కాళ్ళూ కొద్దిగా కొట్టుకుంటే ఫిట్స్ అని హడలిపోకండి. మెదడుకి రక్తం తగ్గినప్పుడు కొన్ని సెకన్ల పాటు అలా కుదుపులు వస్తాయి. నాలుక పక్కభాగం కొరుక్కోవడం, కుదుపులు నిమిషానికి పైగా సాగడం, లేచాక చాలాసేపు ఎక్కడున్నదీ తెలియని అయోమయం ఉంటే ఫిట్స్ అని అనుమానించాలి.

4. లేచాక తొందరపడొద్దు

తెలివొచ్చాక కనీసం పది పదిహేను నిమిషాలు పడుకునే ఉండండి. తర్వాత కూర్చోండి, నీళ్ళు తాగండి, అప్పుడు నిలబడండి. వెంటనే లేచినవాళ్ళు రెండోసారి పడటం మామూలే. ఆ రోజుకి బండి నడపొద్దు.

5. ఏం జరిగిందో అదే రోజు రాసుకోండి

ఈ అడుగే అందరూ వదిలేస్తారు, అసలు సంగతి మాత్రం ఇందులోనే ఉంది. మీరు డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి బీపీ మామూలుగా ఉంటుంది, నాడి మామూలుగా ఉంటుంది. చేతిలో మిగిలేది మీరు చెప్పే కథ ఒక్కటే. అది "కళ్ళు తిరిగి పడిపోయాను" అన్న ముక్కతో ఆగిపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

నిజానికి మన భాషలో 'కళ్ళు తిరగడం' అన్న మాట మూడు నాలుగు జబ్బుల్ని ఒకే సంచిలో వేస్తుంది. మంచం మీద పక్కకి ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి, నిమిషంలోపు ఆగిందా? అది ఎక్కువగా లోపలి చెవికి సంబంధించినది, దాన్ని తగ్గించే పద్ధతులు వేరు. నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మాయా? అది ఎక్కువగా బీపీ పడిపోవడం వల్ల. మనిషి అసలు స్పృహే తప్పాడా, లేక కాళ్ళు తేలిపోయి కూలబడ్డాడా, ఇదీ తేల్చుకోవాలి. 'మూర్ఛ' అన్న మాట ఇంకా ప్రమాదం. కొందరు సొమ్మసిల్లడాన్ని అంటారు, కొందరు ఫిట్స్‌ని అంటారు. డాక్టర్ దగ్గర ఆ మాట వాడకుండా కనిపించింది కనిపించినట్టు చెప్పడం మేలు.

రాయాల్సినవి ఇవి. పడేముందు నిలబడి ఉన్నారా, కూర్చున్నారా, పడుకున్నారా? ఏం చేస్తున్నారు? దగ్గు తెరలోనా, రాత్రి మూత్రానికి లేచినప్పుడా, ముక్కుతూ విరేచనానికి కూర్చున్నప్పుడా? ఇవన్నీ వేసోవేగల్‌కి చుట్టాలే. ముందురోజు ఏం తిన్నారు, ఎంత నీళ్ళు తాగారు, కార్తీక సోమవారం ఉపవాసమా, మందు తాగారా? హెచ్చరికగా ఏమైనా తెలిసిందా? గుండె దడదడలాడిందా? చూసినవాళ్ళుంటే వాళ్ళనే వెంట తీసుకెళ్ళండి. స్పృహలేని ఆ అర నిమిషంలో జరిగింది వాళ్ళకే తెలుసు.

వేసుకునే మందులన్నీ రాయండి. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, ప్రొస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్, డిప్రెషన్ మందులు కొన్ని నిలబడగానే బీపీ పడేలా చేస్తాయి. షుగర్ మందు వాడేవాళ్ళైతే గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి, 70 కన్నా తగ్గితే లో షుగర్. షుగర్ జబ్బు లేని మనిషి పడిపోగానే "షుగర్ డౌన్ అయింది" అనేస్తారు గానీ, నిమిషంలో తనంతట తనే లేచి మాట్లాడాడంటే అది షుగర్ అయ్యే అవకాశం తక్కువ.

6. ఇంట్లో ఒక చిన్న పరీక్ష

బీపీ మెషిన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి చూడండి. తర్వాత నిలబడి, ఒక నిమిషం అయ్యాక ఒకసారి, మూడు నిమిషాలు అయ్యాక ఇంకోసారి చూడండి. పక్కన ఒకరుండాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు, ఆ పని మీరు చేయొద్దు.

7. ఇలాంటప్పుడు ఆలస్యం చేయొద్దు

పరిగెడుతూనో, మెట్లెక్కుతూనో, ఆటలోనో పడిపోయినా, కూర్చుని గానీ పడుకుని గానీ ఉండగా ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పినా గుండెని అనుమానించాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, ముందుగా గుండెదడ, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయి ఉండటం, ఇవీ అంతే. గుండె కొట్టుకునే లయలోనో, గుండె కండరంలోనో లోపం ఉన్నవాళ్ళు కూడా మిగతా రోజుల్లో చక్కగా తిరుగుతూనే ఉంటారు.

మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉంటే అదే గంటలో ఆసుపత్రికి. నొప్పి మాత్రలు ఎక్కువగా వాడేవాళ్ళకి విరేచనం తారులా నల్లగా వస్తుంటే కడుపులో రక్తం కారుతోందేమో. నెలసరి తప్పిన స్త్రీకి పొత్తికడుపు నొప్పితో కళ్ళు తిరిగితే, గర్భం ట్యూబులో నిలిచి పగిలిందేమో చూడాలి, అది ప్రాణం మీదకొచ్చే సంగతి. డెంగీలో జ్వరం తగ్గిందని సంతోషించే రోజుల్లోనే బీపీ పడిపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు పడిపోతే నీరసం అనుకోవద్దు.

8. సెలైన్ కన్నా ముందు ఈసీజీ అడగండి

మన దగ్గర పడిపోయిన మనిషిని దగ్గర్లో ఉన్న ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించడం ఆనవాయితీ. సీసా ఎక్కాక తేలికపడ్డట్టుంటుంది. గంటసేపు కాళ్ళు చాపి పడుకుంటే ఎవరికైనా ఉంటుంది. విరేచనాలతో, వాంతులతో నీరు పోయినవాళ్ళకి సెలైన్ అవసరమే, కాదనను. కానీ పడిపోయిన ప్రతి మనిషికీ ఒకసారి తీయాల్సింది ఈసీజీ. ఐదు నిమిషాల పని, పెద్ద ఖర్చు కాదు. ఆడవాళ్ళు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈసీజీ, మీ కథ రెండూ సాఫీగా ఉంటే ప్రతి ఒక్కరికీ తలకి స్కానింగ్ అక్కర్లేదు.

9. మళ్ళీ రాకుండా

రోజుకి రెండు రెండున్నర లీటర్ల నీళ్ళు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. క్యూలో నిలబడే పని ఉంటే ముందే రెండు గ్లాసులు తాగి వెళ్ళండి, నిలబడ్డాక మడమలు ఎత్తి దించుతూ ఉండండి. పొద్దున మంచం దిగేముందు అంచున ఒక నిమిషం కూర్చోండి. మగవాళ్ళు రాత్రిపూట మూత్రానికి కూర్చునే వెళ్ళడం మంచిది. ఉప్పు పెంచమని డాక్టర్ చెబితేనే పెంచండి. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు సొంతంగా ఆ ప్రయోగం చేయొద్దు.

సూదంటే పడిపోయేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈసారి నేను ల్యాబ్‌లోకి వెళ్ళగానే, "అమ్మా, పడుకోబెట్టి తీయండి, నాకు అలవాటుంది" అన్నాను. ఆ అమ్మాయి నా గడ్డం మీది మచ్చ కేసి చూసి, మంచం మీద పేపర్లు తీసేసి, "అయ్యాక పది నిమిషాలు లేవకండి సార్, బిల్లు నేనే తెస్తాను" అంది.