చలికాలపు కలుపు మందు: గట్టు దాటనివ్వకండి

వరి కోతలైన మాగాణిలో దుక్కి లేకుండా మొక్కజొన్న, జొన్న పెట్టే రోజులివి. దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి వైపు కోత మిషను చేలోంచి బయటికి వెళ్లగానే తాడు పట్టి గింజ వేస్తారు. దున్నని నేల కాబట్టి కలుపు భారమంతా మందు మీదే పడుతుంది. మోతాదు తగ్గితే చేను ఊదతో, గరికతో నిండుతుంది. గాలి చూసుకోకుండా కొడితే పక్కవాడి మిరప పోతుంది. రెండోది మరీ ఘోరం.

మొక్కజొన్నలో మొదటి మందు గింజ పెట్టిన 48 గంటల్లోపు పడాలి. ఎకరానికి అట్రాజిన్ 50 శాతం పొడి మందు 1 కిలో, పారాక్వాట్ 24 శాతం ద్రావణం 1 లీటరు, 200 లీటర్ల నీరు. పారాక్వాట్ అప్పటికే పచ్చగా ఉన్న కలుపును, మళ్లీ పిలకేసే వరి దుబ్బును మాడుస్తుంది. అట్రాజిన్ నేలపై పొరలా నిలిచి, తర్వాత మొలిచేదాన్ని ఆపుతుంది. తేలిక నేలకు అట్రాజిన్ 800 గ్రాములు చాలు, బరువు నల్లరేగడికి 1.2 కిలోల దాకా కావాలి. నేలలో పదును లేకపోతే అది పనిచేయదు. మిషను వదిలిన గడ్డి వరసలు తీయకుండా కొడితే మందంతా గడ్డి మీదే ఆగిపోతుంది, కింద కలుపు హాయిగా లేస్తుంది. మొలక పైకి కనిపించాక మాత్రం పారాక్వాట్ జోలికి పోకండి, మొలకా మాడుతుంది. మినుము, పెసర అంతర పంటగా ఉంటే అట్రాజిన్ వద్దు, పెండిమిథాలిన్ 30 శాతం 1 లీటరు వాడండి.

కాలవ నీళ్లు ఎర్రగా, బురదగా ఉంటే తేటపడేదాకా ఆగండి, లేదా బోరు నీళ్లు పట్టండి. పారాక్వాట్ బంకమట్టి రేణువులకు అతుక్కుని పనికిరాకుండా పోతుంది. మందు కల్తీదని కొట్టువాడితో గొడవపడే ముందు డ్రమ్ము అడుగున పేరుకున్న ఒండ్రు చూసుకోవాలి.

మోతాదు తప్పేది ఎక్కువగా నడకలోనే. ఎకరానికి 200 లీటర్లంటే సెంటుకు 2 లీటర్లు. ముందురోజు ఒక సెంటు కొలిచి, పంపులో 2 లీటర్ల వట్టి నీళ్లు పోసి మామూలుగా నడుస్తూ కొట్టి చూడండి. సెంటు అవకముందే నీళ్లు అయిపోతే నడక నెమ్మది, మిగిలితే వేగం. 16 లీటర్ల పంపు 8 సెంట్లకు సరిపోవాలి. ఎకరానికి పన్నెండున్నర పంపులు పడతాయి కనుక అట్రాజిన్ పంపుకు 80 గ్రాములు. దాన్ని నేరుగా పంపులో పోస్తే గడ్డకడుతుంది. బకెట్లో కొద్ది నీళ్లతో జారుగా కలిపి, వడకట్టి పోయండి. కలుపు మందుకు విసనకర్రలా పరిచి చిమ్మే ఫ్లాట్ ఫ్యాన్ నాజిలే పెట్టాలి. పురుగు మందు కొట్టే నాజిల్, తైవాన్ స్ప్రేయర్ సన్న తుంపర చేస్తాయి, అది గాలిలో కొట్టుకుపోతుంది.

20 రోజుల మొక్కజొన్న పైరులో కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు టెంబోట్రయాన్ 34.4 శాతం ఎకరానికి 115 మిల్లీలీటర్లు, దానితో ఇచ్చే జిగురు మందు కలిపి కొట్టాలి. పంపుకు 9 మిల్లీలీటర్లే, మూతతో అంచనా వేయకండి, సిరంజితో తీయండి. తుంగ ఎక్కువుంటే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళిక మందు ఎకరానికి 36 గ్రాములు. కత్తెర పురుగు మందును వీటితో కలపొద్దు. జొన్న చేలో టెంబోట్రయాన్ కొట్టారంటే పైరు దెబ్బతింటుంది. జొన్న, మొక్కజొన్న పక్కపక్కనే వేసినవాళ్లు ఇది కూలీలకు ముందే చెప్పాలి.

వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి దగ్గర ఇంకా భయముండాలి. ఫిరంగిపురం, మేడికొండూరు వైపు గట్టుకు అవతల పత్తో మిరపో ఉంటుంది. కొద్ది ఆవిరి తగిలినా పత్తి ఆకు వెడల్పు పోయి బెండాకులా చీలుతుంది. మిరప చివర్లు మెలిపడి ఆకు సన్నబడుతుంది. రైతు దాన్ని ఆకు ముడుచుకునే బొబ్బర తెగులు అనుకుని తెల్లదోమ మందులకు డబ్బు పోస్తాడు. పోల్చుకోవడం కష్టం కాదు. తెగులైతే అక్కడో మొక్క ఇక్కడో మొక్క. మందు దెబ్బైతే గట్టు పక్క వరసలన్నీ ఒకేసారి మెలిపడి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. మిరప, పత్తి చేను పక్కనుంటే 2,4-డి మానేయడమే న్యాయం.

సాయంత్రం గాలి ఆగితే కొట్టడానికి మంచి సమయమనుకుంటారు. చలికాలంలో అదే చిక్కు. నేల చల్లబడి, చల్లగాలి చేను మీదే నిలుస్తుంది, సన్న తుంపర అందులో తేలుతూ పక్కకు జారుతుంది. ఊళ్లో పొయ్యి పొగ పైకి లేవకుండా అడ్డంగా పరుచుకుంటుంటే పంపు ఎత్తకండి. పొద్దున మంచు ఆరాక, తొమ్మిది, పది గంటల మధ్య, ఆకు మెల్లగా కదిలేంత గాలిలో మొదలుపెట్టండి. వాయుగుండం వార్త ఉంటే రెండు రోజులు ఆగండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, డిసెంబరు నెలను నమ్మడానికి లేదు.

పారాక్వాట్‌కు విరుగుడు లేదు. కూల్‌డ్రింక్ సీసాలో ఒంపి ఇంట్లో పెట్టడం ప్రాణాంతకం. గుక్కెడు లోపలికి పోయినా నోరు మండుతుంది, ఆ తర్వాత మనిషి రెండు మూడు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు, ఈలోగా మూత్రపిండాలు, ఊపిరితిత్తులు పాడవుతుంటాయి. బాగున్నాడని ఆగకుండా, డబ్బా చేత్తో పట్టుకుని గుంటూరు జీజీహెచ్‌కో విజయవాడ ప్రభుత్వాసుపత్రికో వెంటనే వెళ్లాలి. కలిపేవాళ్లకు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, బూట్లు ఉండాలి. మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదకండి.

గట్ల మీద, డొంక కంచెల కింద మందు కొట్టాలనే తొందర వద్దు. గట్టు గడ్డి వేరు చచ్చిపోతే తర్వాతి వానకే గట్టు కోసుకుపోతుంది. కొడవలితో కోస్తే గేదెకు మేత కూడా దొరుకుతుంది. మందు పడిన గడ్డి మాత్రం పశువుకు వేయొద్దు, అటు మేతకు తోలొద్దు. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. పూతకొచ్చాక పీకితే పుప్పొడి లేచి దురద, ఆయాసం పట్టుకుంటాయి. పైరు లేని డొంక పక్కనైతే లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండలో కొట్టినా మాడుతుంది.

కలుపు మందుకు పంపు వేరుగా పెట్టుకోండి. లేదంటే పని అవగానే మూడుసార్లు కడిగి, వాషింగ్ సోడా నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, పొద్దున నాజిల్ గుండా వదలండి. ఆ నీళ్లు కాలవలోకి పోకూడదు, మందు కొట్టిన చేలోనే పారబోయాలి. ఖాళీ డబ్బాకు మేకుతో బెజ్జాలు పెట్టాకే చేలోంచి కదలండి.