మోడిఫై చేసిన బండికి కొత్త తనిఖీ రూల్స్ వస్తున్నాయంటే ముందు ఏం చేయాలి

కారుకో లారీకో అదనంగా ఏదో ఒకటి బిగించినవాళ్లందరికీ ఈమధ్య ఒకటే టెన్షన్. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే పని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చేతుల్లోంచి ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకి, అంటే ఏటీఎస్‌లకి పోతోంది, అక్కడ మన బండి పాసవుతుందా అని. ఈ స్టేషన్లకి కేంద్రం 2021లోనే నిబంధనలు తెచ్చింది. ముందు భారీ వాహనాలు, తర్వాత దశలవారీగా మిగతావి అని అదే ఏడాది పాత బళ్ల తుక్కు విధానంలో చెప్పింది కూడా. అప్పట్నుంచి తేదీలు జరుగుతూనే ఉన్నాయి, సవరణలూ వస్తూనే ఉన్నాయి. సవరణ వచ్చిన ప్రతిసారీ "ఇక మోడిఫై చేసిన బళ్లన్నీ సీజ్" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాన్ని పక్కన పెట్టండి, అసలు కాగితం వెతకండి.

అసలు కాగితమంటే గెజిట్ నోటిఫికేషన్. కేంద్ర రవాణా శాఖ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. మొదటి సగం హిందీలో ఉంటుంది కాబట్టి భయపడి మూసేయకండి, కిందికి వెళ్తే ఇంగ్లిష్ వస్తుంది. అందులో నాలుగు విషయాలు చూస్తే చాలు: ఇది ముసాయిదానా, తుది నోటిఫికేషనా, ఏ రూల్‌ని మారుస్తున్నారు, ఏ తేదీ నుంచి అమలు, ఏ రకం బళ్లకి వర్తిస్తుంది. ఈ చివరిదే చాలామంది చూడరు. ఎం1 అంటే డ్రైవర్ కాక ఎనిమిది మంది దాకా కూర్చునే ప్రయాణికుల బండి, ఎన్1 అంటే 3.5 టన్నుల లోపు సరుకు బండి, ఎన్2 12 టన్నుల దాకా, ఎన్3 ఆపైన. మీ బండి రకం అందులో లేకపోతే ఆ రూల్ గురించి మీరు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు బండి దగ్గరికి రండి, ఆర్‌సీ చేతిలో పట్టుకుని. కొత్త రూల్ వచ్చినా రాకపోయినా అసలు గొడవ ఆర్‌సీలో రాసి ఉన్నదానికీ ఎదురుగా ఉన్న బండికీ మధ్యే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఎప్పట్నుంచో ఇదే చెప్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని తేల్చేసింది. అదే ఏడాది చట్ట సవరణలో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పుకి బండి ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించండి, నాలుగు మార్చిన బండికి లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూసుకోవచ్చు.

కాబట్టి బండికి చేసినవన్నీ ఒక కాగితం మీద రాయండి. సీట్ కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి వదిలేయండి. రంగు మార్చడం, సీఎన్‌జీ కిట్ పెట్టడం, కాళ్లకి ఇబ్బంది ఉన్నవారి కోసం కంట్రోల్స్ చేతికి మార్చడం, ఇవి దారి ఉన్న పనులు: ఆర్టీఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. సీఎన్‌జీ అయితే ఆమోదం ఉన్న కిట్టే కావాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి టెస్ట్ చేయించిన సర్టిఫికెట్ కూడా దగ్గరుండాలి. ఇక ఛాసిస్ కోయడం, అతికించడం, మల్టీటోన్ ఎయిర్ హారన్, ముందు బుల్ బార్, ఇవి ఏ కాగితంతోనూ నిలబడవు. తీసేయండి.

లారీల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర లారీకి బాడీ కట్టించడమే ఒక పెద్ద పరిశ్రమ. విజయవాడ ఆటోనగర్‌లో కట్టిన బాడీలు దేశమంతా తిరుగుతున్నాయి. బాడీ కట్టించిన తర్వాత ఒక అడుగు ఎత్తు పెంచడం, నాలుగు కమాన్ పట్టీలు అదనంగా వేయించడం మామూలే అనుకుంటారు, కానీ దాంతో ఖాళీ బండి బరువు మారిపోతుంది. ఎఫ్‌సీకి పెట్టేముందు ఖాళీ బండిని కాటా వేయించి ఆర్‌సీలో ఉన్న బరువుతో పోల్చండి, తేడా బాగా ఉంటే ముందు దాని సంగతి చూసుకోండి. వెనక చిన్న బండ్లు కిందికి దూరిపోకుండా ఉండే గార్డు, పక్క గార్డులు, రిఫ్లెక్టివ్ టేపు, 80 కిలోమీటర్ల స్పీడ్ గవర్నర్ వరసగా చూసుకోండి. గవర్నర్ వైరు పీకేసి ఉంటే మళ్లీ పెట్టించండి. డ్రైవర్‌ని అడిగితే తెలియదంటాడు, మీరే వంగి చూడండి.

ఏటీఎస్‌లో మెషిన్ కొలుస్తుంది, "అన్నా, కొంచెం చూడండి" అంటే దానికి వినపడదు. రోలర్ మీద బ్రేక్ టెస్ట్ చేసినప్పుడు కుడి ఎడమ చక్రాల బలంలో తేడా పడితే అక్కడే తెలిసిపోతుంది. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, దానికీ మెషిన్ ఉంది. హాలోజెన్ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టినవాళ్లు హెడ్‌లైట్ టెస్టర్ దగ్గర దొరికిపోతారు, వెలుగు చెదిరిపోతుంది కాబట్టి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన కార్లకీ అదే తలనొప్పి, లైటు గురి పైకి పోతుంది. డీజిల్ బండికి పంపు పెంచితే, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని (ఈసీయూ) రీమ్యాప్ చేయిస్తే పొగ పెరుగుతుంది. పొగ పరిమితి బీఎస్3 బళ్ల దాకా 65 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలత), బీఎస్4కి 50. బయట పొల్యూషన్ బండి దగ్గర ఫోటో తీసి ఇచ్చిన సర్టిఫికెట్‌ని నమ్ముకోవద్దు, నిజంగా పైపు పెట్టి కొలిపించండి. ఎఫ్‌సీ రోజుకి మంచి టైర్లు అరువు తెచ్చి వేసే అలవాటు మాత్రం ఏ స్టేషన్‌కి వెళ్లినా పోయేలా లేదు.

ఫెయిలైతే అక్కడ కేకలేయకండి. ఏ టెస్ట్‌లో పోయిందో రిపోర్టులో ఉంటుంది, అది తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లి ఆ పని మాత్రమే చేయించి, ఫీజు కట్టి రీటెస్ట్‌కి పెట్టండి. రిపోర్టే తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే వీలూ నిబంధనల్లో ఉంది. బాగా పాత బళ్లవాళ్లు ఇక్కడ లెక్క వేసుకోవాలి: 2025 నవంబరులో ఫీజులు పెంచాక 20 ఏళ్లు దాటిన భారీ లారీ ఫిట్‌నెస్ టెస్ట్ 2,500 నుంచి 25,000 రూపాయలకి పోయింది. అందుకే స్టేషన్‌కి వెళ్లేముందే మెకానిక్ దగ్గర అన్నీ చూపించుకుంటే చవక.

చివరిగా, చాలామంది చేయని పని. ముసాయిదా అంటే మన అభ్యంతరం అడుగుతున్నారని అర్థం, మామూలుగా 30 రోజుల గడువు ఇస్తారు, ఎక్కడికి పంపాలో నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. లారీ ఓనర్ల సంఘం చూసుకుంటుందిలే అని వదిలేయకండి, మీరూ పంపండి. "ఈ రూల్ వద్దు" అని రాస్తే పక్కన పడేస్తారు. రూల్ నంబరు రాయండి, అందులో ఏ వాక్యం మీకు ఇబ్బందో రాయండి, ఎందుకో మీ బండి ఉదాహరణతో రెండు మూడు లైన్లలో చెప్పండి, దాని బదులు ఏ వాక్యం పెడితే బాగుంటుందో కూడా మీరే రాయండి. ఉదాహరణకి మా జిల్లాలో స్టేషన్ లేదు, దగ్గర్లోది ఇన్ని కిలోమీటర్ల దూరం, స్టేషన్ వచ్చేదాకా పాత పద్ధతే ఉంచాలి అంటే అది చదివేవాడికి పని చేసుకునేలా ఉంటుంది. ఆర్‌సీలో ఎక్కించుకున్న మార్పులున్న బండిని కంపెనీ కొలతలతో పోల్చి ఫెయిల్ చేయకుండా ఒక వాక్యం చేర్చమని కూడా అడగండి. సీఎన్‌జీ వాళ్లకీ, చేతి కంట్రోల్స్ బళ్లవాళ్లకీ అది బాగా అవసరం. మెయిల్ పంపిన కాపీ దాచుకోండి, తుది నోటిఫికేషన్ వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చదవండి, తేదీలు మాత్రం మళ్లీ మారి ఉంటాయి.